కొసరు ఇచ్చే కొట్లు మీ ఊళ్లో ఇంకా ఉన్నాయా?

కృష్ణలంక_వాకిలి

అందరికీ నమస్కారం. తొమ్మిదేళ్లు బెంగళూరులో ఉండి ఈ మధ్యే విజయవాడ తిరిగొచ్చాం. నిన్న ఒక్కరోజులో రెండు అనుభవాలు జరిగాయి. రెండూ చిన్నవే. అయినా రాత్రి పడుకున్నాక కూడా అవే గుర్తొస్తుంటే ఇక్కడ రాస్తున్నాను.

పొద్దున ఆరింటికి మా వీధి చివర టిఫిన్ బండికి వెళ్లి రెండు ప్లేట్ల ఇడ్లీ పార్సిల్ చెప్పాను. ఆవిడ అప్పుడే పొయ్యి వెలిగించి మొదటి వాయి దించుతున్నారు. చట్నీ కవర్లో పోసి ముడి వేస్తూ "ఇంట్లో చిన్నపిల్లలున్నారా అమ్మా?" అని అడిగారు. పాప ఉందన్నాను. మూకుట్లోంచి అప్పుడే తీసిన గారె ఒకటి చిన్న ఆకుముక్కలో చుట్టి ఇడ్లీల మీద పెట్టారు. డబ్బులివ్వబోతే "అది పాపకి" అన్నారు. నేను ఆ బండి దగ్గరికి వెళ్లడం అదే మొదటిసారి.

సాయంత్రం మా పెదనాన్న గారింటికి వెళ్తూ ఒక పెద్ద స్వీట్ షాపులో అరకిలో కాజూ కట్లీ తీసుకున్నాను. అట్టడబ్బాను కాటా మీద పెట్టి అందులోనే ముక్కలు సర్ది, 500 గ్రాములు చూపించగానే ఆపేశాడు ఆ అబ్బాయి. "డబ్బా బరువు తీసెయ్యరా బాబూ?" అన్నాను. "అందరికీ ఇలాగే మేడం" అన్నాడు. వెనక జనం ఉన్నారు, మొహమాటం వేసి డబ్బులు కట్టి వచ్చేశాను. డబ్బా ఖాళీ అయ్యాక ఇంట్లో చిన్న తూకం ఉంటే దాని మీద పెట్టి చూశాను. 72 గ్రాములు. కిలో వెయ్యి రూపాయల స్వీటు. అంటే 72 రూపాయలు అట్టకే ఇచ్చానన్నమాట. ఆ డబ్బు కంటే "అందరికీ ఇలాగే" అన్న మాటే ఎక్కువ గుచ్చుకుంది.

చిన్నప్పుడు మా అమ్మమ్మ బజారుకెళ్తే కొసరు లేకుండా ఇంటికి వచ్చేది కాదు. మీ ఊళ్లో కొసరు ఇంకా బతికే ఉందా? మీకు గుర్తున్నవి రాయండి.

పెసరట్టు_పొయ్యి

మా కాకినాడలో కూరలబ్బాయి నిన్నమొన్నటిదాకా సంచిలో చివరన కరివేపాకు, రెండు పచ్చిమిరపకాయలు వేసేవాడు. ఇప్పుడు కరివేపాకు కూడా పది రూపాయల కట్ట. అడిగితే "మేమూ కొనే తెస్తున్నాం సార్" అంటున్నాడు. అతను అబద్ధమాడుతున్నాడని నేననుకోవడం లేదు. ఒకప్పుడు ప్రతి పెరట్లో చెట్టు ఉండేది, అతనికీ ఊరికే దొరికేది. ఇప్పుడు తోటలేసి పండిస్తున్నారు, మార్కెట్లో కిలో లెక్కన కొనాలి.

సోల_తవ్వ_మానిక

అమ్మా కృష్ణలంక, మంచి మాట ఎత్తావు. నాకు 74 ఏళ్లు. మాది కోనసీమలో ఒక పల్లెటూరు. నా చిన్నతనంలో తూకం కంటే కొలత ఎక్కువ. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. ధాన్యం కొలిచేటప్పుడు కళంలో "ఒకటి" అనేవారు కాదు. "లాభం, రెండు, మూడు" అని లెక్కపెట్టేవారు. లెక్క ముగిశాక దోసిలితో ఇంత తీసి పైన పోసేవారు. అదీ కొసరు. అది పొయ్యకుండా ఎవరూ గోనె మూతి కట్టేవారు కాదు.

పాలావిడ కూడా అంతే. సోలతో పోసేసి, పాత్ర వంచి ఒక ధార మళ్లీ పోసేది. మా అమ్మ గిన్నె వెనక్కి తీసుకోకుండా ఆ ధార కోసం నిలబడేది. ఇద్దరిలో ఎవరూ మాట్లాడేవారు కాదు.

ఇక కోమటి కొట్టుకి మమ్మల్ని పంపిస్తే పరుగెత్తేవాళ్లం. ఎందుకంటే కిరసనాయిలో, చింతపండో ఏది తెచ్చినా చేతిలో ఒక బెల్లంముక్క గానీ, గుప్పెడు పుట్నాలు గానీ పెట్టేవాడు కొట్టాయన. పెద్దవాళ్లు వస్తే పెట్టడు. పిల్లలకే. దాంతో ఏ ఇంట్లో సరుకు కావాలన్నా పిల్లలు ఆ కొట్టుకే పోదామనేవారు. "అసలు కంటే కొసరు ముద్దు" అన్న సామెత ఊరికే పుట్టలేదు.

మూడోతరం_కొట్టు

నమస్తే అండీ. కౌంటర్ అవతల నిలబడే మనిషిగా నేనూ కొంచెం చెప్తాను. మా తాత పెట్టిన కిరాణా కొట్టు గుంటూరు దగ్గర నేనే నడుపుతున్నాను.

కొసరు ఎక్కడ పోయిందో నా కళ్లతో చూశాను. మా తాత కాలంలో పళ్లేల తరాజు. ఒకవైపు రాళ్లు, ఒకవైపు పప్పు. సరిగ్గా ముల్లు మధ్యలో నిలబడితే తాత ఒప్పుకునేవాడు కాదు. ఇంకో పిడికెడు వేసి, పప్పు ఉన్న పళ్లెం కిందికి ఒరిగాక అప్పుడు పొట్లం కట్టేవాడు. దాన్ని 'మొగ్గు' అంటాం. మొగ్గు చూపించకుండా తూస్తే కొనేవాడి మొహం చిన్నబోయేది. ఆ పిడికెడు ఎన్ని గ్రాములో ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు.

ఎలక్ట్రానిక్ కాటా వచ్చాక ఇద్దరం అంకెల వైపే చూస్తున్నాం. 1.000 దగ్గర ఆగితే సరిపోయినట్టు. 1.010 వస్తే నా చెయ్యే తెలియకుండా చెంచాతో వెనక్కి తీస్తుంది. నేను చెడ్డవాణ్ణయ్యానా అంటే కాదు, ఆ పది గ్రాములు కూడా ఇప్పుడు ఒక అంకెగా కనిపిస్తోంది.

పైగా లూజు సరుకే తగ్గిపోయింది. నూనె ప్యాకెట్, పిండి ప్యాకెట్, ఉప్పు ప్యాకెట్. సీలు వేసిన కవర్లో కొసరు ఎక్కడ పెట్టను? నూనె ప్యాకెట్ మీద నాకు మిగిలేది రెండు మూడు రూపాయలు. లూజు పప్పు బస్తా విప్పితే తరుగు నాదే. యాభై కిలోల బస్తాను పావుకిలో, అరకిలో చొప్పున అమ్మితే చివరికి యాభై కిలోల డబ్బు రాదు.

అయినా ఒకటి మానలేదు. చిన్నపిల్లలు వస్తే పుట్నాలు పెడతాను. పై పెద్దాయన రాసింది చదివితే మా తాతే మాట్లాడినట్టుంది.

ఒకప్పటి_కౌంటర్

కృష్ణలంక గారూ, నేను పదకొండేళ్లు ఒక మిఠాయి షాపులో తూకం దగ్గర పనిచేశాను. అందుకే కొంచెం వివరంగా చెప్తాను.

మీరు అడిగింది నూటికి నూరుపాళ్లు మీ హక్కు. ధర స్వీటుకు, అట్టకు కాదు. తూనికల చట్టం ప్రకారం ఇవ్వాల్సింది నికర బరువు. ప్రతి ఎలక్ట్రానిక్ కాటా మీద 'టేర్' అని ఒక బటన్ ఉంటుంది. ఖాళీ డబ్బా పెట్టి అది నొక్కితే అంకె సున్నాకి వస్తుంది. ఆ తర్వాత పడేదంతా స్వీటు బరువే. ఒక్క సెకను పని. "అందరికీ ఇలాగే" అని ఆ అబ్బాయి సొంతంగా అన్న మాట అయ్యుండదు, ఓనరు అలా చెప్పమని నేర్పి ఉంటాడు. నాకూ అలాగే నేర్పారు. పండగ ముందు రోజు వందల డబ్బాలు కదులుతాయి, లెక్కేసుకోండి. నేను ఆ ఉద్యోగం మానేయడానికి ఉన్న కారణాల్లో అదొకటి.

కాటా మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉందో లేదో చూడండి. ఎలక్ట్రానిక్ కాటాకి ఏడాదికోసారి ముద్ర వేయించాలి. ఆ సర్టిఫికెట్ షాపులో కనిపించేలా పెట్టాలి. లూజు స్వీట్ల ట్రే దగ్గర ఎప్పటిలోగా తినాలో తేదీ రాసి ఉండాలని 2020 అక్టోబరు 1 నుంచి నిబంధన ఉంది. అదీ చూడండి, పాలతో చేసినవి తీసుకునేటప్పుడు మరీ ముఖ్యం.

అడిగినా వినకపోతే 1915కి ఫోన్ చేయొచ్చు. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. బిల్లు మాత్రం దాచుకోండి.

బస్సుకోసం_చూస్తూ

దీనికి దగ్గరదే నాదీ. బస్టాండ్ బయట ఒక చిన్న షాపులో 20 రూపాయల నీళ్ల సీసా 25 అన్నారు. ఎందుకంటే కూలింగ్ చార్జి అట. సీసా మీద రాసిన ధరలో పన్నులన్నీ కలిసే ఉంటాయి, దాని మీద ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదు. ఆ మాట మెల్లగా చెప్తే 20కే ఇచ్చారు. నా వెనకున్న ముసలాయన దగ్గర మాత్రం మళ్లీ 25 అడిగారు. అప్పుడు నేనే నిలబడి ఆయనకీ 20కి ఇప్పించాను. బస్సు పోయింది, పర్లేదు.

వేదిక_నిర్వహణ

చర్చ చాలా బాగుంది. ఒక్క మనవి. ఫిర్యాదు చెప్పేటప్పుడు షాపు పేరు రాయకండి, జరిగింది రాస్తే చాలు.

ఓరుగల్లు_వాడకట్టు

మా దిక్కు కొసరు ఇంకా ఉంది అన్నా. చికెన్ షాపుకి పోయి చూడు. ఆదివారం పొద్దుగాల అందరూ అనేది ఒకటే మాట: "జర లివర్ ఎక్కువెయ్యి, కందనకాయ వెయ్యి." మటన్ కొట్టుకాడ అయితే నల్లిబొక్క. కిలోలో ఒక్క నల్లిబొక్క పడకపోతే మా నాయిన ఆ కొట్టుకు మళ్లీ పోడు.

కాకపోతే చికెన్ కాడ ఒకటి అందరూ తెలుసుకోవాలె. బోర్డు మీద మూడు ధరలు రాస్తరు. లైవ్, స్కిన్‌తో, స్కిన్‌లెస్. కోడిని ప్రాణంతో తూచి కొంటే కోసినంక చేతికొచ్చేది మూడింట రెండొంతుల దగ్గర ఉంటది. అందుకే కిలోకి లైవ్ ధర తక్కువ, స్కిన్‌లెస్ ధర ఎక్కువ. తెల్వనోళ్లు లైవ్ ధర చూసి పోయి, కవర్ చేతికొచ్చినంక మోసం జరిగిందని లొల్లి పెట్టుకుంటరు. మేం పోయే షాపాయన కొత్తోళ్లు వస్తే ముందే అడుగుతడు, "ఎట్ల తూచమంటరు?" అని. తర్వాత కోసిన మాంసం మళ్లీ కాటా మీద పెట్టి చూపిస్తడు. ఎవరూ అడగకపోయినా చూపిస్తడు. పన్నెండేండ్ల సంది మా ఇల్లు ఆయన దగ్గరే.

అమీర్‌పేట_రూమ్5

నాది కర్రీ పాయింట్ కథ. 2019లో కోచింగ్ కోసం హైదరాబాద్ వచ్చాను. రూములో నలుగురం. అన్నం కుక్కర్లో మేమే వండుకునేవాళ్లం, కూరలు కింద సందులో ఉన్న కర్రీ పాయింట్ నుంచి తెచ్చుకునేవాళ్లం. ఒక కూర, ఒక పప్పు కొంటే సాంబారు ఊరికే. అక్కడి ఆంటీ మా కవర్లో సాంబారు పోసేటప్పుడు గరిటె అడుగు నుంచి తిప్పి తీసేవారు, ముక్కలు రావాలని. అందరికీ అలా చెయ్యరు. నేను గమనించాను. రూముల్లో ఉండే పిల్లలకే.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు మిగతా ముగ్గురు ముందే ఊరెళ్లిపోయారు, నేను ఇరుక్కుపోయాను. ఇంటి నుంచి డబ్బులు రావడం ఆలస్యమైంది. షాపు మూసేశారు. ఆంటీ వాళ్ల ఇల్లు దాని పైనే. రెండో రోజు ఆమే కింద నుంచి పిలిచి "గిన్నె తెచ్చుకో బాబూ" అన్నారు. నలభై రోజుల పైన రోజూ ఒక పూట కూర అక్కడి నుంచే. ఒక నోటుబుక్కులో రాసుకోమని బలవంతం చేస్తే రాశారు. నేను ఊరెళ్లే రోజు లెక్క అడిగాను. పప్పు రోజులు రాయలేదట. "పప్పుకి డబ్బులేంట్రా" అన్నారు.

ఉద్యోగం వచ్చాక వెళ్లాను. ఆ సందులో ఇప్పుడు సెల్‌ఫోన్ల షాపు ఉంది. పక్కవాళ్లను అడిగితే సొంతూరు వెళ్లిపోయారన్నారు. నంబరు ఎవరి దగ్గరా లేదు.

పెసరట్టు_పొయ్యి

తమ్ముడూ, ఆ సందులో పాలవాడినో, గ్యాస్ అబ్బాయినో అడిగి చూడు. వాళ్లకి తెలుస్తుంది.

ఆకుకూరల_అమ్మ_కొడుకు

ఇంతసేపూ చదువుతున్నాను. ఒక మాట చెప్పాలనిపించింది, ఎవరూ వేరేలా అనుకోవద్దు.

మా అమ్మ ఇరవై రెండేళ్లు రోడ్డు పక్కన ఆకుకూరలు అమ్మింది. తోటకూర, గోంగూర, పాలకూర, కొత్తిమీర. తెల్లవారుజామున మూడింటికి లేచి మార్కెట్‌కి వెళ్లేది. పెట్టుబడి రోజువారీ ఫైనాన్స్. పొద్దున చేతికి 900 ఇచ్చేవాడు, సాయంత్రం 1000 కట్టాలి. ఒక్కరోజుకి. వాన పడ్డ రోజు సరుకు కుళ్లిపోయినా ఆ 1000 ఆగదు. మొదటిసారి 2020లో వీధి వ్యాపారులకిచ్చే స్వనిధి పథకం కింద పదివేల రుణం వచ్చాకే ఆ ఫైనాన్స్ మనిషి మా గుమ్మం ఎక్కడం మానేశాడు.

అలాంటి చేతి నుంచి కొసరు తీసుకునేటప్పుడు ఆ చెయ్యి ఎలాంటిదో చూడండి. పెద్ద సూపర్‌మార్కెట్‌లో కవరుకి కూడా డబ్బులు కట్టి వచ్చి, మా అమ్మ దగ్గర ఐదు రూపాయల కట్టకి మూడు రూపాయలు బేరమాడి, పైన కొత్తిమీర లాక్కున్నవాళ్లు చాలామంది ఉన్నారు. లాక్కోవడం అనే రాస్తున్నాను. బుట్టలోంచి వాళ్లే తీసుకునేవారు. నేను పక్కన కూర్చుని లెక్కల హోంవర్క్ చేసుకుంటూ చూసేవాణ్ణి.

అమ్మ కూడా కొసరు ఇచ్చేది. దానికి ఆమె దగ్గర ఒక పద్ధతి ఉండేది. ధర అడిగి, బేరమాడకుండా కొన్నవాళ్లకి పిలిచి మరీ ఇచ్చేది. బాలింతలున్న ఇళ్లకి బచ్చలికూర, మెంతికూర ఒక కట్ట ఎక్కువ పెట్టేది. బేరమాడి తగ్గించినవాళ్లకి కట్ట తేడా లేకుండా ఇచ్చేది గానీ కొసరు మాత్రం ఉండేది కాదు. "వాళ్ల కొసరు ముందే తీసేసుకున్నారుగా" అనేది.

మూడోతరం_కొట్టు

తమ్ముడూ, నువ్వు రాసింది అక్షరం అక్షరం నిజం. నా దగ్గర కొసరు అడగండి, ఇస్తాను. నెలకి ఇంత మిగిలే కొట్టు నాది. గోనెపట్టా మీద కూర్చున్న మనిషి దగ్గర అడక్కూడదు. ఇస్తే తీసుకోవాలి.

సోల_తవ్వ_మానిక

బాబూ, మీ అమ్మగారికి నా నమస్కారం చెప్పు. మా రోజుల్లో పాలావిడ పోసిన ఆ ధారకి బదులుగా మా అమ్మ పండగకి చీర పెట్టేది, ఆమె దూడకి తౌడు, చిట్టు పంపేది. ఆ సంగతి నేను ముందు రాయడం మర్చిపోయాను. అది కూడా చెప్పాల్సింది.

నంద్యాల_బొరుగులు

చిల్లర గురించి ఎవరూ రాయలేదు. మా నాన్నకి 68. ఫోన్‌లో డబ్బులు పంపడం రాదు, నేర్పినా భయం. పొద్దున్నే ఉగ్గాని బజ్జీ తినడం ఆయనకి నలభై ఏళ్ల అలవాటు. కొత్తగా వచ్చిన ఒక హోటల్లో పది రూపాయల నాణేలు ఇస్తే "ఇవి చెల్లవు, ఫోన్‌పే కొట్టండి" అన్నారట. పది రూపాయల నాణెం చెల్లుతుందని, వేరువేరు బొమ్మలున్న 14 రకాలూ అసలైనవేనని రిజర్వ్ బ్యాంక్ 2018లోనే చెప్పింది. మా నాన్నకి అది తెలియదు. తిన్న తర్వాత డబ్బు చెల్లదంటే ఆయన ఎంత కుంగిపోయాడో. నన్ను పిలిపించుకుని డబ్బు కట్టించాడు. ఇంటికొచ్చాక రెండు రోజులు బయటికి రాలేదు.

తర్వాత పాత బండి దగ్గరికే తీసుకెళ్లాను. ఆ బండి అన్న నాణేలు తీసుకుని, "పెద్దాయనా, మీ దగ్గర ఇవి ఇంకా ఉంటే ఇవ్వండి, నాకు చిల్లర కరువు" అన్నాడు. మా నాన్న మొహం చూడాలి. ఇంట్లో డబ్బాలో దాచినవన్నీ మర్నాడు మూటగట్టి తీసుకెళ్లి ఇచ్చాడు. 46 నాణేలు. అన్న లెక్కపెట్టి నోట్లు ఇచ్చి, పైన రెండు బజ్జీలు పెట్టాడు. వద్దంటే వినలేదు.

ఆ బండి దగ్గర ఇంకోటి నచ్చింది నాకు. బజ్జీలు న్యూస్‌పేపర్లో కట్టడం మానేశాడు. ఆ సిరా నూనెతో కలిసి కడుపులోకి పోతుందని ఎవరో చెప్పారట. ఇప్పుడు విస్తరాకు ముక్కలే.

డాలస్_గోంగూర

ఇక్కడ అమెరికాలో ఇండియన్ స్టోర్‌లో అన్నీ బార్‌కోడ్ వేసిన ప్యాకెట్లే. కరివేపాకు చిన్న కవర్‌లో నాలుగు రెబ్బలు. నేను వెళ్లే స్టోర్‌లో కౌంటర్ దగ్గర కూర్చునే ఆంటీది తెనాలి వైపు. ఒకసారి గోంగూర కట్టలు తీసుకుంటుంటే "ఆ కట్ట వద్దమ్మా, ముదిరింది, పుల్ల ఎక్కువ" అని లోపలికి వెళ్లి వేరేది తెచ్చిచ్చారు. ధర అదే, కట్ట అంతే. నాకు మాత్రం ఆ రోజు కారులో కూర్చున్నాక ఇంటికి ఫోన్ చేసి అమ్మకి చెప్పేదాకా మనసు ఆగలేదు.

కృష్ణలంక_వాకిలి

అన్నీ చదివాను. కొన్ని రెండుసార్లు చదివాను. ఆకుకూరల అమ్మగారి గురించి చదివాక మా అమ్మమ్మని తలుచుకున్నాను. ఆవిడ కొసరు అడిగేది, నిజమే. ఎవరి దగ్గర అడిగేదో ఇప్పుడు గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నిస్తున్నాను. కూరలమ్మి దగ్గర కూడా అడిగేది. దాన్ని దాచను.

రెండు సంగతులు. మొన్న మళ్లీ ఆ స్వీట్ షాపుకి వెళ్లాను. కౌంటర్ గారు చెప్పినట్టు "ఖాళీ డబ్బా పెట్టి టేర్ నొక్కండి" అని మామూలుగా అడిగాను. అదే అబ్బాయి. ఒక్కసారి వెనక్కి, ఓనరు సీటు వైపు చూసి, నొక్కాడు. నా వెనకున్నావిడ "నాకూ అలాగే తూచు" అంది. ఆమె వెనకాయన కూడా అన్నాడు. ఆ అబ్బాయి ఇక ప్రతి డబ్బాకీ నొక్కుతూనే ఉన్నాడు. నేను బయటికొచ్చేదాకా చూశాను.

రెండోది, టిఫిన్ బండి. ఆ రోజు గారె ఎందుకిచ్చారని అడిగేశాను. "ఆ రోజు బోణీ మీదేనమ్మా. బోణీలో చిన్నపిల్ల తింటే గిన్నె తొందరగా ఖాళీ అవుతుందని మా అత్త చెప్పేది" అన్నారు. మాటల్లో మాటగా చట్నీ తాలింపుకి కరివేపాకు రోజుకి ముప్ఫై రూపాయలవుతోందని చెప్పారు. మా అద్దింటి పెరట్లో పెద్ద చెట్టుంది, ఆకు రాలి తొక్కుకుంటూ తిరుగుతున్నాం. రేపు పొద్దున ఒక కవర్ నిండా కోసి తీసుకెళ్తున్నాను.

ఆకుకూరల_అమ్మ_కొడుకు

అక్కా, కడగకుండా తీసుకెళ్లండి. పాలిథిన్ కవర్లో వద్దు, చెమర్చి సాయంత్రానికి నల్లబడుతుంది. గుడ్డసంచిలో రెబ్బలుగా పెట్టండి. అమ్మని అడిగే రాస్తున్నాను.